డబ్బా పొడి నుంచి అన్నం కంచానికి



బరువు తగ్గాలని అన్నం మానేసి, గ్లాసుడు నీళ్ళలోనో పాలలోనో పొడి కలుపుకు తాగడం ఇప్పుడు మన అమలాపురంలోనూ మామూలైపోయింది. తాగమని చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు. తిరిగి అన్నానికి ఎలా రావాలో చెప్పేవాళ్ళే కనబడరు. రెండుసార్లు అనుభవపడ్డదాన్ని గనుక ఆ సంగతి నేను చెబుతాను.

మొదటిసారి మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. చీర కుచ్చెళ్ళు ఎక్కువొస్తున్నాయని మురిసిపోయాను. ఆ సంబరంలోనే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టాలొస్తే, డబ్బా అటకెక్కించి నేనూ విస్తరి వేసుక్కూర్చున్నాను. పులిహోర, కంద బచ్చలి, గారెలు, ఆత్రేయపురం పూతరేకులు! మర్నాటినుంచి రెండు పూటలా అన్నమే. వినాయకచవితికల్లా ఎనిమిదికి ఎనిమిదీ తిరిగొచ్చాయి.

రెండోసారి అంతకంటె పెద్ద తప్పు చేశాను. నాకు షుగరుంది. తిండి మూడోవంతుకి తగ్గించి, మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాను. నాలుగోనాడు దేవుడి దగ్గర దీపం పెడుతూంటే చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడ్డాను. అత్తయ్యగారు గబగబా పంచదార నీళ్ళు తాగించారు గనుక గండం గడిచింది. అంచేత షుగరుకీ, బి.పి.కీ మందులు వాడేవారు డాక్టరుతో చెప్పకుండా ఈ పొడుల జోలికి పోకండి. మళ్ళీ అన్నానికి వచ్చేటప్పుడు కూడా చెప్పాలి. గర్భిణులకూ బాలింతలకూ ఇవి అసలే వద్దు.

బ్రిటన్‌లో 'డైరెక్ట్' అనే పరిశోధన ఒకటి జరిగింది, 2017లో ప్రచురించారు. షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి 3 నుంచి 5 నెలలు రోజుకి సుమారు 850 కేలరీల ద్రవాహారమే ఇచ్చారు. మాత్రలు మొదటిరోజే ఆపించారు, వైద్య సిబ్బంది కనిపెట్టి చూస్తూండగా. ఆ తర్వాత మామూలు భోజనానికి ఒక్కరోజులో తేలేదండీ! 2 నుంచి 8 వారాలు తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగంమందికి మందుల్లేకుండానే షుగరు అదుపులో ఉంది.

మా డాక్టరుగారు మాత్రలు తగ్గించి, నన్నూ ఆ దారినే నడిపించారు. మొదట మధ్యాహ్నం ఒక్క పూట అన్నం, తక్కిన రెండు పూటలా పొడే. అన్నం చిన్న గిన్నెడు. కంచంలో సగం ఆనపకాయో, బీరకాయో, తోటకూరో. గట్టి పెసరపప్పు, మజ్జిగ. రెండు వారాలయ్యాక రాత్రికి ఒక పెసరట్టు. చివరికి పొద్దుటి పూట రెండు పొట్టిక్కలు. మొత్తం ఆరు వారాలు పట్టింది. మన ఇళ్ళలో అన్నం కొండంత, కూర నంచుకోడానికి. ధాన్యాలనుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన మాట మనకోసమే కాబోలు.

ఒక్క సంగతికి మాత్రం భయపడకండి. అన్నం మొదలెట్టిన వారంలోనే నాకు కిలోంపావు పెరిగింది. ఏడ్చి, మళ్ళీ డబ్బా మూత తీశాను కూడా! అది కొవ్వు కాదుట. పిండిపదార్థం మళ్ళీ ఒంట్లో నిలవ చేరేటప్పుడు దానితోపాటు నీరు కూడా చేరుతుంది. రెండో వారానికి ముల్లు అక్కడే ఆగింది. మలబద్ధం కూడా కొన్నాళ్ళు బాధించింది. ఆకుకూరలూ, మంచినీళ్ళూ పెంచాక సర్దుకుంది.

ఇక కొబ్బరి. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణగారి ద్రవాహారం పేరు ఇంటింటా వినబడినప్పుడు కొబ్బరినూనె తాగినవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. కోనసీమలో కొబ్బరి మానమనడం నావల్ల కాదు. కూరలో చిప్ప చిప్పా కోరి పడేసే చెయ్యి నాది. ఇప్పుడు రెండు చెంచాలు కొలిచి వేస్తున్నాను.

"పిట్ట తిన్నట్టు తింటావేమిటే అమ్మాయ్" అని అత్తయ్యగారు ఇప్పటికీ గొణుగుతారు. గొణుగుతూనే కూర మరో గరిటె వడ్డిస్తారు. అన్నం మాత్రం అడిగితేగాని వెయ్యరు.