కొళాయి ఆగిన వేళ

కొళాయి వచ్చుటయే పండుగగా భావించు ఇండ్లు మన పట్టణములలో నేటికిని చాల కలవు. ఉదయమున ఒక గంటసేపు నీరు వచ్చును. బిందెలు, బకెట్లు, తొట్లు నిండును. అటుపై రేపటివరకు, కొన్నిచోట్ల ఎల్లుండివరకు, కొళాయి మూగవోవును. ఇందలి ఇబ్బంది గృహిణులకు నేను వివరింప నక్కరలేదు. అయితే నీరు రాని ఆ 23 గంటలలో భూమిలోపల గొట్టమునందు జరుగు వ్యవహార మొకటి కలదు. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

గొట్టములో నీరు ఒత్తిడితో నిండియున్నంతసేపు, ఎచ్చటనైన చిల్లు పడినను నీరు వెలుపలికి చిమ్మునే గాని వెలుపలిది లోనికి రాజాలదు. సరఫరా ఆపగానే ఈ రక్షణ పోవును. గొట్టము ఖాళీ యగుచు, పల్లపు వీధులకు నీరు జారిపోవుచున్నప్పుడు మెరకవీధులలో లోనికి పీల్చుకొనును. మన వీధులలో మంచినీటి గొట్టము, మురుగు గొట్టము ప్రక్కప్రక్కనే పోవుచుండును. ఇంటికి తీసికొన్న సన్నని గొట్టము మురుగుకాలువలో నుండియే సాగుట మన మెరుగని దృశ్యము కాదు. ఆ మురుగు చిల్లులగుండ లోనికి చేరును. మరునాడు కొళాయి విప్పగానే ముందుగా వచ్చునది అదియే. శుద్ధికేంద్రమునుండి నీ రెంత నిర్మలముగ బయలుదేరినను కడపటి వీధిలో టైఫాయిడు, కామెర్లు, కలరా పొంచియుండుటకు కారణ మిది. 2009 మే మాసమున హైదరాబాదులోని భోలక్‌పూరునందు కలుషితమైన నీరు త్రాగి పలువురు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి.

కొళాయికి నేరుగా మోటారు తగిలించి లాగువారు ఇచ్చట ఒక్క మాట ఆలకింపవలెను. ఆ మోటారు పొరుగువాని నీటినే గాక, కాలువలోని నీటిని గూడ లాగును.

నీరు చాలకపోవుటచేతనే ఈ గంటల పద్ధతి వచ్చినదని సామాన్యముగ చెప్పుదురు. ఇది సగమే నిజము. 1908 మూసీ వరదల పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై హైదరాబాదునకు ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ఏర్పడినవి. తరువాత మంజీర వచ్చినది; నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి కృష్ణ వచ్చినది; గోదావరియు వచ్చినది. అయినను నగరములో అధికభాగమునకు నీరు నేటికిని గంటల లెక్కనే!

కంబోడియా రాజధాని నోంపెన్ కథ ఇందుకు భిన్నము. 1975లో ఖ్మేర్ రూజ్ పాలకులు ఆ నగరమును ఖాళీ చేయించిరి. 1993 నాటికి గొట్టములలోనికి పంపిన నీటిలో నూటికి 72 పాళ్లు, కొంత కారియు, కొంత దొంగ కనెక్షనులద్వారాను, లెక్కకు రాకుండ పోవుచుండెను. ఆ సంవత్సరమే ఎక్ సోన్ చాన్ అను ఇంజనీరు జలసరఫరా సంస్థకు అధిపతి యయ్యెను. విదేశముల సాయముతో శుద్ధికేంద్రములు బాగుపడినవి, గొట్టములు మారినవి. ధనమున్నచో ఇంతవర కెవరైన చేయవచ్చును. ఆయన విశేషము వేరు. ప్రతి కనెక్షనునకు మీటరు పెట్టించెను. బిల్లు కట్టని పెద్ద ఉద్యోగులను గూడ విడువలేదు. దొంగ కనెక్షను చూపినవారికి బహుమాన మిచ్చెను. పేదలకు కనెక్షను రుసుము తగ్గించెను. 2010 నాటికి నష్టము 6 పాళ్ల ప్రాంతమునకు దిగినది. నీరు 24 గంటలును రాసాగెను. 2006లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

ఇరువది నాలుగు గంటలును నీరిచ్చినచో జనులు వృథా చేయుదురను భయము కొందరి కున్నది. నిన్నటి నీరు పాతదని ప్రతి ఉదయము తొట్టి పారబోయునది ఎవరో వారాలోచింపవలెను. కొళాయిని నమ్మలేనివారే గదా! మూతలేని ఆ తొట్లలోనే డెంగీ దోమయు పెరుగును. దానికి వలసినది మురుగు కాదు, నిలిచిన మంచినీరు.

మురుగు మాట కూడ చెప్పవలెను. ఇంటికి వచ్చిన నీటిలో నూటికి 80 పాళ్లు మురుగై వెలువడునని ఇంజనీర్ల లెక్క. నీరు పెంచి మురుగుదారి పెంచనిచో, ఆ పెరిగిన మురుగు మనము మొదట చెప్పుకొన్న చిల్లుల చుట్టునే నిలుచును.

మన దేశమున పూరీ పట్టణము 2021 జూలైనుండి కొళాయినీటిని నేరుగా త్రాగుటకు వీలుగా, దినమంతయు ఒత్తిడితో ఇచ్చుచున్నది. అచ్చట యాత్రికులకొరకు వీధులలోను కొళాయిలు అమర్చినారు.