మూట విప్పితేనే చిన్నోనికి పని
(యువ ఇంజనీర్లు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం నలుగురైదుగురం కలిసి నడుపుకునే చిన్న డిజైను ఆఫీసులోళ్లం. సర్వే చేస్తం, డ్రాయింగు గీస్తం, ఎస్టిమేటు వేస్తం. పని మాకు కొత్త కాదు. కానీ ప్రభుత్వ టెండరు దగ్గరికి పోతే మొదటి పేజీలనే గేటు మూస్తరు. మూడేండ్ల టర్నోవరు ఇంతుండాలె, ఇంతకుముందు ఇంతే పెద్ద పని చేసి ఉండాలె అంటరు. పనే ఇయ్యకపోతే అనుభవం ఎక్కడినుంచి వస్తది?

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో జలయజ్ఞం మొదలైనంక సర్వే, డిజైను, నిర్మాణం ఒకే మూట కట్టి ఈపీసీ ప్యాకేజీలుగా ఇచ్చిండ్రు. మూట పెద్దదైతే ఎత్తుకునేది పెద్ద కంపెనీలే. చిన్నోళ్లకు మిగిలేది సబ్ కాంట్రాక్టు. గీసేది మనం, పేరు వాళ్లది. రేపటి టెండరుకు పనికొచ్చే అనుభవ పత్రమూ వాళ్లదే! విడగొట్టుడు సాధ్యం కాదంటే నమ్మకండ్రి. 2015లో మిషన్ కాకతీయల చెరువుల పనులు విడివిడిగనే పిలిచిండ్రు గదా!

ఇగ మార్కుల లెక్క చూడుండ్రి. నాణ్యతకు 70, ధరకు 30 వెయిటేజీ అనుకుందాం. మనం 6 లక్షలకు చేస్తమన్నం, సాంకేతిక మార్కులు 70. పెద్ద కంపెనీ 10 లక్షలన్నది, దాని మార్కులు 95. మన మొత్తం 79, వాళ్లది 84.5. నాలుగు లక్షలు తక్కువకు చేస్తమన్నా ఓడిపోయినం. నాణ్యతకు మార్కులు ఉండాలె, కాదనం. కానీ ఆ మార్కులు పని తీరుకా, కంపెనీ సైజుకా? పోరాటం అక్కడ!

చట్టం ఒట్టి చేతులతో లేదు. కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా తమ కొనుగోళ్లల్ల 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలె. అందులో ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం, మహిళలకు 3 శాతం. మనకు ధరావతు మినహాయింపు ఉన్నది. అయితే ఈ విధానం వస్తువులకు, సేవలకే. నిర్మాణ పనులకు వర్తించదు. డిజైనును నిర్మాణంల కలిపితే మన వాటా మాయమైతది. మూట వెనుక మతలబు ఇదే. 2006 చట్టం ప్రకారం బిల్లు గరిష్ఠంగా 45 రోజుల్లో ఇయ్యాలె. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ.

అందుకే మా డిమాండ్లు మూడు. డిజైను టెండరు వేరుగా పిలవాలె. టర్నోవరుకు బదులు పని చేసే ఇంజనీర్ల అనుభవాన్ని లెక్కించాలె. కేంద్రం ఇచ్చే వాటా రాష్ట్ర శాఖల టెండర్లల్ల కూడా రాయాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఉద్యం రిజిస్ట్రేషన్ ముందే చేసుకోండ్రి. చేసిన ప్రతి పనికీ పత్రం తీసుకోండ్రి. ఒక్కరితో కాకపోతే నలుగురు కలిసి జాయింట్ వెంచరు కట్టండ్రి. టెండరు షరతులు రాసే ఉద్యోగ సోదరులారా! కలం మీ చేతిల ఉన్నది. ఆ ఒక్క వాక్యం రాసేటప్పుడు మా చిన్న ఆఫీసులను యాదిల పెట్టుకోండ్రి.