పట్నం ఉక్కపోత – మన మోటారు కరెంటు
(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నంలో ఎండలు పెరిగితే మనకేంటి అనుకోవచ్చు. ఒక లెక్క చెప్తాను. ఐదు హెచ్‌పీ మోటారు నడవాలంటే 3.7 కిలోవాట్లు కావాలి. టన్నున్నర ఏసీకి దాదాపు 1.5 కిలోవాట్లు. అంటే రెండున్నర ఏసీలు కలిస్తే మన బోరు మోటారంత. హైదరాబాద్‌లో ఒక్కో అపార్ట్‌మెంటులో ఎన్ని ఏసీలు ఉంటాయో మీరే ఊహించుకోండి. ఏసీ గదిలో వేడిని తీసి బయటికి వదులుతుంది. వీధి ఇంకా వేడెక్కుతుంది, పక్కింటివాళ్లు కూడా ఏసీ కొంటారు. చెరువులు పూడ్చి, చెట్లు కొట్టి, కాంక్రీటు పోసిన చోట పగలు పీల్చుకున్న వేడి రాత్రంతా దిగదు. 2024 మే 30న మన దేశంలో కరెంటు డిమాండు 2 లక్షల 50 వేల మెగావాట్లకు చేరింది. అంతకుముందు ఎన్నడూ అంత లేదు.

వాడకం పెరిగిన రోజే ఆ కరెంటు ఇచ్చే వ్యవస్థ బలహీనపడుతుంది. వేడికి తీగలు సాగి కిందికి జారతాయి, మోసే శక్తి తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల చుట్లకు కాగితపు ఇన్సులేషన్ ఉంటుంది. అక్కడ వేడి ఉండాల్సినదానికంటే ఆరు డిగ్రీలు పెరిగిందంటే ఆ కాగితం రెట్టింపు వేగంతో పాడవుతుంది. పూర్వం రాత్రి చల్లబడ్డాక ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు రాత్రి కూడా ఏసీల భారమే.

థర్మల్ కేంద్రాలకు బొగ్గుతోపాటు నీళ్లూ కావాలి. కేంద్ర ప్రభుత్వం 2015లో పాత కేంద్రాలకు పెట్టిన పరిమితే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. ఆ లెక్కన 500 మెగావాట్ల కేంద్రం రోజంతా నడిస్తే 4 కోట్ల 20 లక్షల లీటర్లు. 34 ఎకరాల్లో అడుగు లోతున నిలబెట్టేన్ని నీళ్లు అవి. 2016 మార్చిలో బెంగాల్‌లోని ఫరక్కా కేంద్రం 2,100 మెగావాట్లది. కాలువలో నీళ్లు అడుగంటి కొన్ని రోజులు ఆగిపోయింది. బొగ్గు లేక కాదు, నీళ్లు లేక.

వాన ఎక్కువైనా చిక్కే. 2015 డిసెంబర్‌లో చెన్నైలో, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో వరద ముంచినప్పుడు ఎన్నో కాలనీలకు కరెంటు ఆపాల్సి వచ్చింది. నీళ్లలో మునిగిన చోట కరెంటు ఉంటే ప్రాణాలు పోతాయి మరి.

ఇక మన సంగతి. 2023లో కృష్ణమ్మకు సరైన వరద రాలేదు. అలాంటి ఏడాది మూడు దెబ్బలు ఒక్కసారే తగులుతాయి. శ్రీశైలం, సాగర్ నిండక జలవిద్యుత్ తగ్గుతుంది. కాలువ రాక అందరూ బోర్ల మీద పడతారు, మోటార్ల వాడకం పెరుగుతుంది. పట్నంలో ఏసీల వాడకమూ అప్పుడే పెరుగుతుంది. మార్చిలో యాసంగి వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఇవన్నీ కలుస్తాయి. కరెంటు చాలనప్పుడు ముందు కోసేది ఏ ఫీడరు? మాల్ ఉన్న ఫీడరా, మన మోటార్లున్న ఫీడరా? ఒక్క తడి తప్పితే తాలు ఎంత వస్తుందో ఈ తరగతిలో కూర్చున్న వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను చందాలేసుకుని ట్రాక్టర్‌పై మోసుకెళ్లిన వాళ్లూ మీలో ఉన్నారు.

అయితే పట్నం మనకు శత్రువు కాదు. రేకుల గదిలో ఒక్క ఫ్యానుతో రాత్రి గడిపేది మన ఊళ్ల నుంచి వలస పోయిన కూలీలే. కరెంటు పోతే ముందు వాళ్లకే ఊపిరాడదు. కాబట్టి తగవు పల్లెకూ పట్నానికీ మధ్య కాదు, ఉన్న కరెంటు, ఉన్న నీళ్లు ఎవరికి ముందు అనే దాని గురించి.

మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటు పుష్కలం, కొరత వచ్చేది పొద్దుగూకాకే. కనుక వ్యవసాయానికి పగలే, తెగకుండా, వేళ ముందే చెప్పి ఇవ్వాలి. రాత్రి పూట పాముల మధ్య మోటారు వేయడానికి పోయే బాధ తప్పుతుంది, గ్రిడ్‌కూ మేలు. 2019లో వచ్చిన కుసుమ్ పథకం కింద వ్యవసాయ ఫీడర్లకు దగ్గర్లోనే సోలార్ ప్లాంట్లు పెట్టవచ్చు. జలాశయాల నీటిని కరెంటు కోసం వదిలేముందు తాగునీరు, సాగునీరు లెక్క చూడాలి. ఎండాకాలం కోతలు పెడితే ఏ ఫీడరుకు ఎన్ని గంటలు పెట్టారో సబ్‌స్టేషన్ దగ్గర రాసి పెట్టాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. దాన్ని ముందుగా పేదల బస్తీల రేకుల ఇళ్లకు అమలు చేయాలి.

మన వంతూ ఉంది. ఆటోస్టార్టర్ల వల్ల కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అవి తీసేసి కెపాసిటర్లు బిగించుకుందాం. బోరు నీటితో వరి వేసేవాళ్లు కొంతైనా ఆరుతడికి మళ్లాలి. మన ఇల్లు సర్దుకుని అడిగితే మన మాటకు బలం ఉంటుంది.

ఫిబ్రవరి రాకముందే ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఒక్కోదానిపై మోటార్లెన్ని అన్నది రాసి తీసుకురావాలి. ఆ కాగితం పట్టుకునే అధికారుల దగ్గరికి పోదాం. పైరు ఎండాక ధర్నా చేస్తే గింజ తిరిగి రాదు.