రౌటర్ కొనేముందు అడగాల్సిన మాట



వైఫై రౌటర్ కొనబోతే దుకాణంలో ముందుగా చూపించేది యాంటెన్నాలు, డబ్బా మీద రాసిన వేగం. మీరు మాత్రం ముందు ఇది అడగండి: ‘దీనికి కంపెనీ ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తుంది?’ షాపతనికి తెలియకపోతే కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి.

ఎందుకంటే పిల్లల పాఠాలూ, మన నెట్ బ్యాంకింగూ దాని గుండానే వెళ్తాయి. అప్‌డేట్లు ఆగిపోయినా రౌటర్ మామూలుగానే పనిచేస్తుంది. కానీ కొత్తగా బయటపడిన లోపాలు అందులో అలాగే ఉండిపోతాయి. వాటి ద్వారా చొరబడినవాడు మనల్ని నకిలీ సైటుకు మళ్లించగలడు.

రెండోది, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 భద్రత ఉందేమో చూడండి. మూడోది, డ్యూయల్ బ్యాండ్. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, దూరం తక్కువ. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. ఇనుప బీరువా వెనక మాత్రం వద్దు.

ఇంటికి తెచ్చిన రోజే కంపెనీ పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఖాతాదారులకు రోజూ చెబుతాం. మన ఇంటి తాళం కూడా ఒకసారి చూసుకుందాం.