బాలింతల రొమ్ము బాధలు

సాగరు ఎడమకాలువ క్రింద నాట్లు మొదలుకాగానే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో పసిబిడ్డ తల్లులు సైతము మడిలో దిగుచుందురు. ప్రొద్దున పోయిన తల్లి ప్రొద్దుగూకువేళకు వచ్చును. అంతసేపు బిడ్డ కుడువని పాలు నిలిచి రొమ్ము గట్టిపడి సలుపును. ఆ పాలు చెడినవని, బిడ్డకు ఇవ్వరాదని ఇరుగుపొరుగువారందురు. మేము మొదట ఖండింపదలచినది ఈ మాటనే. వాచిన రొమ్ము పాలు బిడ్డకు హాని చేయవు. హఠాత్తుగా పాలు మాన్పించుటయే తల్లికి హాని. మధ్యాహ్నమొకసారి బిడ్డను గట్టుమీదికి తెచ్చి పాలిప్పించుట అత్తగారికి పెద్దపని కాదు.

కాన్పయిన మూడునాలుగు దినములకు రొమ్ములు బరువెక్కుట సహజము. బిడ్డ పట్టలేకున్నచో కొద్దిపాలు చేతితో పిండి, మెత్తబడిన పిమ్మట పట్టింపవలెను.

చనుమొన పగుళ్ళకు చాలవరకు కారణము పట్టించు తీరే. బిడ్డ శరీరమంతయు తల్లివైపు తిరిగియుండవలెను. నోరు బాగుగా తెరచినపుడు మొనతోపాటు చుట్టునున్న నల్లని భాగము కూడ లోనికి పోవలెను. గడ్డము రొమ్మును తాకవలెను. పిదప తన పాలనే రెండు చుక్కలు పూసి ఆరనిచ్చిన మేలు. సబ్బుతో రుద్దరాదు.

రొమ్ము ఒకచోట ఎఱ్ఱబారి, గడ్డగా తగిలి, చలిజ్వరము వచ్చినచో అది పాలవాపు. వేడి కాపడము పెట్టి గట్టిగా పిసుకుట మన యిండ్లలో పాత చికిత్స. 2022లో ‘అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్’ అను అంతర్జాతీయ వైద్యసంస్థ వెలువరించిన సూచనలు దీనికి విరుద్ధము. పిసికినచో లోపలి కణజాలము నలిగి వాపు హెచ్చును. చల్లని తడిగుడ్డ వేయవలెను, ఎప్పటివలె పాలివ్వవలెను, అవసరమునకు మించి పిండరాదు; నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చును. ఒకటి రెండు దినములలో తగ్గనిచో, జ్వరము తీవ్రమైనచో వెంటనే, మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికో, 2019లో వైద్యకళాశాల ఏర్పడిన సూర్యాపేటలోని పెద్దాసుపత్రికో పోవలెను. పాలిచ్చు తల్లియని చెప్పినచో వైద్యులు అందుకు తగిన మందులే వ్రాయుదురు.

మల్లెపూలు కట్టుటను గూర్చి ఒక మాట. అవి పాలను తగ్గించునన్న నమ్మకమును 1988లో ప్రచురితమైన పరిశోధన యొకటి బలపరచినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి అది ఉపశమనము కావచ్చును. పాలిచ్చు తల్లికి వలదు.

చీము పట్టినచో వైద్యులు సూదితో లాగుదురు, లేక కోసి తీయుదురు. అప్పుడును రెండవ రొమ్ము పాలు ఆపనక్కరలేదు. గాయము మొనకు దూరముగా నున్నచో ఆ రొమ్మునే పట్టింపవచ్చును. జ్వరము పోయినను గడ్డ కొన్ని వారములకు కరగకున్నచో మరల చూపింపవలెను.