పన్నెండేళ్ళ పూవు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు వేపపూతను తలుచుకోవడం మన ఆచారం. వేప ఏటేటా పూస్తుంది. మనం తలచినా తలవకపోయినా పూస్తుంది. నేనీనాడు మనవి చేయబోయేది మరొక తీరు పూవును గురించి. కోయంబత్తూరులో తరతరాలుగా కాపురమున్న మనకు ఉత్తరాన కనిపించే నీలగిరులలోను, పళని కొండలలోను, మూణారు ప్రాంతంలోను పూసే నీల కురింజి అది. గోదావరికి, కృష్ణకు పుష్కరం ఎలాగో ఈ కొండలకు కురింజి అలాగు. పన్నెండేళ్ళకొకసారి వస్తుంది. ప్రభవాది అరవై సంవత్సరాలు ఒకసారి తిరిగేసరికి ఈ పూవు అయిదు మారులే దర్శనమిస్తుంది.

కురింజి మనకు బొత్తిగా పరాయిది కాదు. శాస్త్రజ్ఞులు దీనిని అకాంథేసి అనే కుటుంబంలో చేర్చారు. మన ఆడపడుచులు జడలో తురుముకునే కనకాంబరం, దగ్గుకు కషాయం కాచే అడ్డసరం, జ్వరానికి వాడే నేలవేము, కంచెల మీది ములుగోరింట — అన్నీ ఆ కుటుంబంలోనివే. ఆకులు ఎదురెదురుగా జంటలుగా రావడం, కాయ ఎండి రెండు చెక్కలుగా పగిలి లోపలి కొక్కేల బలంతో గింజలను దూరంగా విసరడం ఈ బంధువర్గపు పోలికలు.

ఈ కుటుంబంలో కురింజి ప్రజాతి పేరు స్ట్రోబిలాంథస్. 1826లో బ్లూమ్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని ప్రకటించాడు. గ్రీకు భాషలో ‘స్ట్రోబిలస్’ అంటే దేవదారు కాయవంటిది, ‘ఆంథస్’ అంటే పూవు. పూగుత్తి ఆ కాయ ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. అయితే నీల కురింజిని మాత్రం జర్మను శాస్త్రజ్ఞుడు నీస్ మొదట వేరే ప్రజాతిలో పెట్టాడు. తరువాతివారు దీనిలోనికి మార్చారు. 1944లో బ్రెమెకాంప్ అనే పండితుడు పుప్పొడి రేణువుల చెక్కడాలను, గింజలను పరిశీలించి ఈ సంసారాన్ని యాభైకి పైగా ప్రజాతులుగా వేరుపెట్టాడు. ఆ పంపకాలు నిలువలేదు. తరువాతి పరిశోధకులు మరల అందరినీ ఒక్క ఇంటిలోనికే చేర్చారు. ఈనాడు ఆ ఇంట నాలుగు వందలకు పైగా జాతులున్నవి.

వీటిలో కొన్ని ఏటా పూస్తాయి. కొన్నింటికి మాత్రం గడువు ఉంది. మహారాష్ట్రలోని కార్వి ఎనిమిదేళ్ళకొకసారి పూస్తుంది. ముంబయి పరిసరాల కొండలలో 2016లోను, 2024లోను పూచింది. అక్కడి గిరిజనులు దాని కర్రలతో తడికలల్లి, మట్టి మెత్తి గోడలు కట్టుకుంటారు. నీల కురింజి మూణారు కొండలలో 2006లోను, 2018లోను పూచింది. ఆ లెక్కన మళ్ళీ 2030లో పూయాలి. ఈ మొక్కలన్నీ ఒక్కసారే పూచి, గింజ పెట్టి, చనిపోతాయి. వెదురు కూడ ఇంతే. అన్నీ ఒకేసారి లక్షల గింజలు రాల్చితే, పురుగులూ పక్షులూ ఎంత తిన్నా మొలకెత్తడానికి కొన్ని మిగులుతాయి. అదే ఈ ఏర్పాటులోని కిటుకు అని శాస్త్రజ్ఞుల ఊహ.

చిక్కు కూడ ఇక్కడే ఉంది. పూచిన ఏడు వేలాదిమంది చూడవస్తారు. కొందరు కొమ్మలు విరిచి పట్టుకుపోతారు. విరిచిన కొమ్మ గింజ పెట్టదు. మొక్క ఎటూ చనిపోతుంది. ఇక దానికి సంతతి లేదు. పూవులేని ఏళ్ళలో అది వట్టి పొద. ఆ పొదలను పెరికి తేయాకు వేశారు. యూకలిప్టసు, తుమ్మజాతి చెట్లు నాటారు. నష్టం తెలిసేది పూయవలసిన ఏడు పూయనప్పుడే. 2006లో కేరళ ప్రభుత్వం మూణారు దగ్గర కురింజిమల అభయారణ్యం ప్రకటించింది. అయినా 2024లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం నీల కురింజిని ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చవలసి వచ్చింది.

కనుక నా మనవి ఒక్కటే. 2030లో మీరు పిల్లలను వెంటబెట్టుకొని కొండకు వెళ్ళండి. కళ్ళారా చూడండి, కోయకండి. అంతకంటె ముఖ్యం, ఈలోగా కూడ ఒకసారి వెళ్ళి ఆ పచ్చని పొదను పిల్లలకు చూపి, “ఇది కురింజి” అని చెప్పండి. పూచిననాడు గుర్తుపట్టడం ఎవరికైనా సులభమే. పూయని పదకొండేళ్ళూ గుర్తుపట్టి కాపాడేవారుంటేనే పన్నెండవ ఏడు పూవు ఉంటుంది. పరాయిగడ్డ మీద భాషను నిలుపుకున్న మనకు ఈ సంగతి మరొకరు చెప్పనక్కరలేదు.