మాధవి లేని సత్యభామ

 

ఇవాళ మీరు పట్టాలు పుచ్చుకుంటున్న ఈ సభ ఆహ్వాన పత్రికలో నా పేరు కింద నేను మాట్లాడాల్సిన విషయం కూడా అచ్చువేశారు: ఆధ్యాత్మికత, అనుబంధాలు, విశ్రాంతి సాధనల ద్వారా వ్యక్తిత్వ వికాసం. చూడగానే మూడు పీరియడ్ల టైంటేబుల్ గుర్తొచ్చింది. బయట మార్కెట్టు కూడా వీటిని అలాగే విడివిడిగా అమ్ముతోంది. ధ్యానానికో యాప్, కాపురానికో కౌన్సెలర్, అలసటకో రిసార్టు. అవన్నీ కొనుక్కునే స్తోమత మీకు త్వరలోనే వస్తుంది, రావాలనే కోరుకుంటున్నాను. అయితే మన దిగువ కృష్ణా డెల్టాలో ఈ మూడూ ఒకే పందిరి కింద ఉండేవి. నాకు తెలిసింది ఆ పందిరి గురించే కాబట్టి అదే చెబుతాను.

పామర్రు నుంచి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కూచిపూడి వస్తుంది. మీలో ఎందరో బస్సులో ఆ ఊరి మీదుగా తిరిగి ఉంటారు. దిగి చూసినవాళ్లు ఎంతమందో చేతులెత్తమని అడగను, మొహమాటపడతారు. ఆ ఊరికి భామాకలాపం అనే నృత్యనాటకం ఇచ్చిన సిద్ధేంద్రయోగి గురించి ఒక కథ చెప్పుకుంటారు. చిన్నతనంలోనే పెళ్లయింది. చదువు ముగించుకుని, భార్యను తెచ్చుకోవడానికి అత్తవారి ఊరు బయల్దేరాడు. నడి కృష్ణలో వరద చుట్టుముట్టింది. బతికి ఒడ్డున పడితే సన్యసిస్తానని మొక్కుకున్నాడు. ఒడ్డున పడ్డాడు, సన్యసించాడు. ఇందులో చరిత్ర ఎంతో కల్పన ఎంతో పండితులు తేల్చుకుంటారు. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. కాపురం మొహం చూడకుండానే కాషాయం కట్టిన ఆ మనిషి కూర్చుని రాసింది మొగుడూ పెళ్లాల తగువు!

తగువు మొదలయ్యేది అద్దం ముందు. సత్యభామ, కృష్ణుడు పక్కపక్కన నిలబడి చూసుకుంటూ ఉండగా, ఇద్దరిలో ఎవరి అందం మిన్న అన్న దగ్గర మాటా మాటా పెరుగుతుంది. ఆయన వెళ్లిపోతాడు. ఇంతే కథ. ఎవరింట్లోనైనా జరిగేదే. ఇక ఆవిడ రంగం మీదికి వచ్చే తీరు చూడాలి. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని తెర కట్టి నిలబడతారు. తెర అంచు కింద గజ్జెల పాదం కదులుతూ ఉంటుంది, మొహం కనబడదు. ఆ తర్వాత కనబడేది జడ. నగలు పొదిగిన పొడుగాటి జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది. నన్ను మించి ఆడగలిగినవాళ్లుంటే వచ్చి దీన్ని కోసుకుపొండి అని సవాలన్నమాట. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసులో మనమందరం ఏదో ఒక జడ విసిరినవాళ్లమే. విసరాలి కూడా. ఆ వయసులో విసరనివాళ్లని చూస్తే నాకు కాస్త భయం.

ఆ జడ విసిరిన మనిషే కలాపం ముగిసేలోగా మొగుడికి ఉత్తరం రాసి పంపుతుంది. మధ్యలో ఆమెను మార్చింది ఎవరు? గురువు కనబడడు, ఆశ్రమం కనబడదు. మాధవి అనే చెలికత్తె ఉంది. ఎవరి కోసమే నీ దుఃఖం, ఆయన పేరు చెప్పు అంటుంది. మొగుడి పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడుతుంది. ఆవిడ వదలదు, ఎకసెక్కాలాడుతుంది. ఉత్తరం పట్టుకెళ్లాలంటే ముక్కెర ఇమ్మని బేరం పెడుతుంది. ముక్కెర అంటే సత్యభామకి ప్రాణం. ఇంకేదైనా అడగవే అని బతిమాలుతుంది, మాట మారుస్తుంది, చివరికి తీసి చేతిలో పెడుతుంది. జనం పగలబడి నవ్వే ఘట్టం అది. వేదాంతులు ఈ కథను జీవాత్మ పరమాత్మ కోసం పడే ఆరాటంగా చెబుతారు, కాదనను. కానీ అంత గర్వమూ కరగడం మొదలైంది ముక్కెర బేరం దగ్గరే అని నాకు గట్టి అనుమానం.

మీకు ఉద్యోగంలోనూ కాపురంలోనూ కావలసింది మాధవి. మెచ్చుకునేవాళ్లు ఫోన్ నిండా ఉంటారు. తప్పు నీదేనే అని నవ్వుతూ మొహం మీద అనేసి, ఆ తర్వాత నీ ఉత్తరం పుచ్చుకుని నీ తరఫున కబురు మోసుకెళ్లే మనిషి కావాలి. ఒక్కరుంటే చాలు. మాధవి లేని సత్యభామ అద్దం ముందే నిలబడి ఉండిపోయేది.

అబ్బాయిలకి ఒక మాట. కూచిపూడి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రుడు పెట్టిన నియమమని ఆ ఊరివాళ్లు చెబుతారు. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఆ వేషంలో వస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారు. ఒక మగవాడు ఒక ఆడమనిషి అలకనీ, సిగ్గునీ, ఎదురుచూపునీ రాత్రంతా తన ఒంటి మీద మోయడమంటే సామాన్యమా? మిమ్మల్ని వేషం కట్టమనను. అమ్మ ఎందుకు మౌనంగా ఉందో, రేపు మీ భార్య ఎందుకు అలిగిందో ఒక్క పూట ఆవిడ చోట నిలబడి ఊహించగలిగితే మాత్రం మంచిది. అమ్మాయిలు ఇక్కడ నన్ను నిలదీయవచ్చు. ఆడదాని వేషం మగవాడు కట్టాడు సరే, ఆడపిల్లను రంగం ఎక్కనిచ్చారా అని. చాలాకాలం ఎక్కనివ్వలేదు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిలకి నేర్పారు. ఇవాళ ఆ నాట్యం ప్రపంచమంతా నిలబడిందంటే ఎక్కువగా వాళ్ల వల్లే.

కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ. 17వ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్య ఊరు. ఆయన పదాల నిండా నాయిక మువ్వగోపాలుడి మీద కోప్పడుతుంది, అనుమానిస్తుంది, తలుపు వేసేస్తుంది, మళ్లీ తీస్తుంది. కోపం వస్తే భక్తికి పనికిరావు అని మన డెల్టాలో ఎవరూ అనుకోలేదు. నాకు కోపమెక్కువ సార్, ధ్యానం కుదరదు అనే పిల్లలకి నేను క్షేత్రయ్యను చూపిస్తుంటాను.

ఇక విశ్రాంతి. ఏమీ చేయకపోవడమే విశ్రాంతి అనుకుంటాం, మంచం మీద వాలి ఫోన్‌లో వేలితో రీళ్లు తోసుకుంటూ రెండు గంటలు గడుపుతాం, లేచేసరికి ఇంకా అలిసిపోయి ఉంటాం. కూచిపూడిలో తరంగం అని ఒక అంశం ఉంది. నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణి నుంచి తీసుకున్నది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద ఎక్కి నిలబడుతుంది. కాలివేళ్లు అంచును కరుచుకుంటాయి. నెత్తిన నీళ్ల చెంబు కూడా పెట్టుకోవచ్చు. మృదంగం ఒక జతి వేస్తుంది, పళ్లెం నేల మీద గరగరమంటూ అడుగు ముందుకు జరిగి దానికి జవాబు చెబుతుంది. మడమ ఒక్క వెంట్రుకవాసి పక్కకి పోతే పళ్లెం తిరగబడుతుంది. పైన మాత్రం ఆమె మొహం నవ్వుతూ ఉంటుంది, చేతులు వేణువు పట్టుకుని ఉంటాయి. కాలు అంత బిగువుగా ఉండగా భుజాలు అంత వదులుగా ఎలా ఉన్నాయని నేను చాలాసార్లు విస్తుపోయాను. బరువంతా ఒక్కచోట ఆనించి మిగతా ఒళ్లంతా వదిలెయ్యడం ఏళ్ల తరబడి నేర్చుకుంటే వచ్చే విద్య. చిత్రలేఖనమో, ఈతో, వంటో, పొలం గట్టున నడకో, ధ్యాస మొత్తం లాక్కునే పని రోజుకొకటి పెట్టుకోండి. అలసట తీరేది అక్కడే.

తరంగాల మాట వచ్చింది కాబట్టి గుడివాడ వైపు వెళ్దాం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో గాయకుడు ఘంటసాల పుట్టారు. వాళ్ల నాన్నగారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. పిల్లవాడు ఆ పాటకి చిందులు వేసేవాడు. తండ్రి పోయాక సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ కుర్రవాడిని చేరదీసి విద్య చెప్పారు. భుజాన జోలె వేసుకుని గడప ముందు నిలబడటం కంటే అహంకారం అణిచే సాధన ఏ శిబిరంలో దొరుకుతుంది? ఆ జోలెలో అన్నం పెట్టిన ఇల్లాళ్లు కూడా ఆయన పాటలో ఉన్నారనే నా నమ్మకం. 1974లో పోయేముందు ఆయన పాడి వెళ్లిన భగవద్గీతను మనం ఏం చేశాం? మైకులో ఆ గొంతు వినబడితే ఎవరు పోయారండీ అని అడుగుతున్నాం. యుద్ధభూమి నడిమధ్యలో చతికిలబడ్డ ఒక వీరుడిని లేపడానికి చెప్పిన మాటలవి. బతికున్నవాళ్లు, ముఖ్యంగా మీ వయసువాళ్లు, ఉదయం పూట వినాల్సినవి.

పాట గురించి ఇంకొంచెం చెబుతాను. పాడేవాడు గబుక్కున గాలి పీల్చి, చరణం పొడుగునా నెమ్మదిగా వదులుతాడు. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు సాగితే గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు నెమ్మదిస్తుంది. నిమిషానికి ఆరేడు శ్వాసలు చాలు. భజనగానీ, చర్చిలో కీర్తనగానీ, దర్గాలో కవాలీగానీ, దేవుళ్లు వేరైనా ఊపిరి లెక్క ఒక్కటే. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో కొద్దిమంది కుర్రకారుతో కలిసి పాడించి చూస్తే, వాళ్ల గుండె వేగాలు ఒకదానితో ఒకటి కలిసి పెరుగుతూ తగ్గుతూ వచ్చాయి. చిన్న పరిశోధనే, దాన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కలిసి పాడుకునే మీ నాయనమ్మలకి ఆ హాయి కాగితం లేకుండానే తెలుసు.

కలిసి పాడుకోవడంలాగే కలిసి చెప్పుకోవడమూ ఊరటే. దివిసీమ పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెనలో పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే పదివేల పైచిలుకు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల పేర్లు చెబితే మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ కాసేపు మాట్లాడరు. ఆ రోజుల్లో రామకృష్ణ మిషన్ సాధువులు వచ్చారు, క్రైస్తవ సేవాసంస్థలవాళ్లు వచ్చారు, స్వయంసేవకులు, విద్యార్థులు వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకటకృష్ణారావు గారు తన సీమలో సహాయం పనికి దిగారు. కుళ్లిన శవాలను మోసినవాళ్లలో ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆ మనుషులు తిరిగి ఎలా బతికారన్నది నన్ను ఎన్నాళ్లుగానో వెంటాడుతున్న ప్రశ్న. మానసిక వైద్యులు లేరు. ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏ చెట్టు పట్టుకుని తెల్లార్లూ ఉన్నారో, ఎవరి చెయ్యి ఎక్కడ జారిపోయిందో, చెప్పిందే చెప్పుకున్నారు, వినేవాళ్లు విన్నదే విన్నారు. పులిగడ్డ దగ్గర స్మారకస్తూపం ఉంది, ఏటా ఆ తేదీకి అక్కడ పూలు పెడతారు. చెప్పుకోలేక లోపలే దాచుకుని క్రుంగిపోయినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల గురించి స్తూపాలు ఏమీ చెప్పవు. మీ తాతగారో అమ్మమ్మగారో ఆ రాత్రి సంగతి ఎత్తితే, ఎన్నోసారైనా సరే, కూర్చుని వినండి. విన్నందువల్ల వాళ్లకి కలిగే మేలు ఒకటి. పెద్ద నష్టం తర్వాత మనిషి ఎలా లేస్తాడో మీకు తెలియడం రెండోది. ఈ చదువుకి సిలబస్సు లేదు.

అన్నీ మాటలతోనూ పాటలతోనూ తగ్గుతాయని మాత్రం నేననను. రేపు మీరు హైదరాబాదు హాస్టల్లోనో, బెంగళూరు అద్దె గదిలోనో, డాలస్‌లోనో ఉంటారు. నిద్ర పట్టదు, తిండి సహించదు, ఉదయం లేవాలనిపించదు. అలా వారాలు గడిస్తే అది బలహీనత కాదు, ధ్యానం సరిగ్గా కుదరకపోవడం అంతకంటే కాదు. జ్వరానికి వెళ్లినట్టే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దేశంలో ఎక్కడ ఉన్నా ప్రభుత్వ టెలీమానస్ సేవకి 14416 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి, సభామర్యాదకు భంగం అనుకోను. మీకు అక్కర్లేకపోయినా పక్క గదివాడికి అక్కరపడవచ్చు. డబ్బు గుంజి, ఇంట్లోవాళ్లతో మాటలు మాన్పించే ఏ గురువు దగ్గరా, ఏ శిబిరం దగ్గరా ఆగవద్దు. మనుషులను దూరం చేసే ఆధ్యాత్మికత అనేది మన డెల్టా ఎరగదు. నదిలో మొక్కుకుని సన్యసించిన సిద్ధేంద్రుడు కూడా ఊళ్లోకే వచ్చి, నలుగురు పిల్లలను పోగుచేసి ఆట నేర్పాడు.

చేరాల్సిన ఉద్యోగాలకి ఇంకా కొన్ని వారాలు టైముంది కదా. కూచిపూడిలో కలాపంతో పాటు తరంగం కూడా ఎప్పుడు ఆడుతున్నారో కనుక్కుని, నలుగురు కలిసి పామర్రు బస్సెక్కండి. ముందు వరసలో కూర్చుంటే పళ్లెం గరగర వినబడుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఎండెక్కుతోంది, ఉత్తరీయాల్లో మీరు ఉడికిపోతున్నారు. పేర్లు పిలవడం మొదలుపెట్టమని రిజిస్ట్రారు గారిని కోరుతున్నాను.